నూటికి అరవై అంటే ఎంత?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను బరంపురం వాడిని. ఉన్నది ఒడిశాలో అయినా మా ఇంట్లో మాట తెలుగే. ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత గుంట మగ్గంలో కాళ్లు పెట్టాను. ఇరవై ఏళ్లకు పైగా మా చేనేత సహకార సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. నాకు వచ్చిన లెక్కలు రెండే రెండు. ఒకటి నూలు లెక్క, రెండోది కూలి లెక్క. సర్వే లెక్కల గురించి మాట్లాడమని సమాఖ్య వాళ్లు అడిగితే, అది చదువుకున్నవాళ్ల పని, నా వల్ల కాదన్నాను. "మీరు చేసిన పొరపాటు ఉంది గదా, అదే చెప్పండి" అన్నారు. అదైతే నాకు బాగా వచ్చు. అందుకే నిలబడ్డాను.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మన సమాఖ్య ఈ ఏడు అన్ని చోట్లా మన కుటుంబాల సర్వే చేద్దామనుకుంటోంది. పిల్లల్లో ఎంతమంది మగ్గం మీద కూర్చుంటామంటున్నారు, ఎంతమందికి కార్డులు అందాయి, ఎంతమంది తెలుగు చదవగలరు, ఇలాంటివన్నీ అడుగుతారు. చివరికి ఒక కాగితం మీద శాతాలు వస్తాయి. ఆ శాతాలు చూసి మనం తీర్మానాలు చేస్తాం. ఆ తీర్మానాలతో ఎవరో ఒకరి మగ్గం ఆడుతుంది, ఇంకొకరి మగ్గం ఆగుతుంది. అది నా కళ్లారా చూశాను.

ఎనిమిదేళ్ల కిందటి సంగతి. మా బరంపురం పట్టుచీరకు పేరు తెచ్చింది ఫొడా కుంభం అంచు. గుడి గోపురంలాగా పళ్లు పళ్లుగా ఒంటిలోకి ఎక్కే అంచు అది. ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు నాడెలు ఆడాలి. చేయి తిరిగినవాళ్లే చేయగలరు. పని నిదానం, కూలి ఎక్కువ. ఆ ఏడు సంఘంలో సరుకు నిలిచిపోయింది. డబ్బంతా పట్టులో ఇరుక్కుంది. పాలకవర్గంలో కొందరు, మూడు నాడెల పని తగ్గించి మామూలు అంచు నేయిద్దామన్నారు. కొందరు వద్దన్నారు. ఎటూ తేలలేదు.

అప్పుడే ఒక పెద్ద ఊళ్లో చేనేత ప్రదర్శన జరిగింది. మా స్టాలు కూడా పెట్టాం. నేను ఒక నోటు పుస్తకం పట్టుకుని, వచ్చినవాళ్లను అడగటం మొదలుపెట్టాను. "బరువుగా ఉండే పాత అంచు కావాలా అమ్మా, తేలికగా ఉండే కొత్త అంచు కావాలా?" అని. 40 మంది జవాబు చెప్పారు. 24 మంది కొత్తది అన్నారు, 16 మంది పాతది అన్నారు. లెక్క కట్టాను. నూటికి అరవై.

మీటింగులో నిలబడి చెప్పాను. "కొనేవాళ్లలో 60 శాతం మంది పాత అంచు వద్దంటున్నారు." ఎవరూ ఎదురు మాట్లాడలేదు. అప్పటిదాకా గంటలు గంటలు వాదించినవాళ్లు కూడా నోరు మూసుకున్నారు. శాతం అనే మాటకు ఆ బలం ఉంది చూడండి. మూడు నాడెల పని తగ్గించాలని తీర్మానం అయ్యింది. మినిట్సు పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. 11 మగ్గాలకు పని మార్చాం.

తర్వాతి ఏడు పెళ్లిళ్ల రోజుల్లో ఇళ్లకు వచ్చినవాళ్లు పాత అంచే అడిగారు. పెళ్లికూతురికి అదే కట్టాలంటారు గదా మా వైపు. మా దగ్గర సరుకు లేదు. పని మళ్లీ మొదలుపెడదామని ఆ 11 ఇళ్లకూ తిరిగాను. నాలుగు ఇళ్లవాళ్లే వచ్చారు. కొందరు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ పనిలో ఆయన చేయి అంటే చేయే. మూడో నాడె అటక మీద పెట్టేశాడు. "ఇప్పుడు మళ్లీ చేయి రావడం లేదు నాయనా, చూపు కూడా ఆనటం లేదు" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట అడిగాడు. "ఇంతకీ నువ్వు అడిగినవాళ్లు ఎవరు? మన చీర కట్టేవాళ్లేనా?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

మా చెల్లెలి కూతురు కాలేజీలో స్టాటిస్టిక్సు చదివింది. పండక్కి వచ్చినప్పుడు ఆ నోటు పుస్తకం తీసి చూపించాను. చూసి ఏమందంటే, "మావయ్యా, నువ్వు 60 అని రాశావు. 45 నుంచి 75 లోపల ఎక్కడో అని రాయాల్సింది" అంది. నాకు కోపం వచ్చింది. నలభైలో ఇరవై నాలుగు నూటికి అరవై కాకపోతే ఇంకెంత అన్నాను. "ఆ నలభై మందిలో అరవయ్యే. కానీ నువ్వు మీటింగులో ఆ నలభై మంది గురించి చెప్పలేదు గదా, కొనేవాళ్లందరి గురించీ చెప్పావు" అంది.

ఇక్కడే ఉంది అసలు విషయం. మనం అడిగింది కొద్దిమందిని. మాట్లాడేది అందరి గురించి. ఈ కొద్దికీ ఆ అందరికీ మధ్య కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా ఎంత ఉండవచ్చో చెప్పే గీతనే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు. తెలుగులో విశ్వాస అంతరం అని కూడా అనవచ్చు. మనం మన మాటలో "అటూ ఇటూ" అనుకుందాం.

నాకు బోధపడటానికి ఆ పిల్ల ఒక పని చేయించింది. ఇంట్లో ఉన్న కండెలు 500 ఒక బస్తాలో వేయించింది. వాటిలో ఎర్ర కండెలు 200, తెల్లవి 300. అంటే ఎర్రవి నూటికి 40. ఇది మాకు ముందే తెలుసు. బస్తా బాగా కలిపి, కళ్లు మూసుకుని 25 కండెలు తీయమంది. ఎర్రవి ఎన్నో రాసుకుని, మళ్లీ బస్తాలో వేసి, కలిపి, మళ్లీ తీయాలి. అలా 20 సార్లు తీశాను. 25లో 40 శాతం అంటే 10 గదా, ప్రతిసారీ 10 రావాలి. రాలేదు. ఒకసారి 8, ఒకసారి 12, ఒకసారి 13, ఒకసారి ఏకంగా 5 వచ్చాయి. బస్తా అదే, చేయి అదే. మోసం ఏమీ లేదు. కొద్దిగా తీసి చూస్తే ఇలాగే ఊగుతుంది.

తర్వాత ఆ పిల్ల ఒక్కోదానికి అటూ ఇటూ గీత గీసింది. 8 వచ్చినప్పుడు 32 శాతం అవుతుంది, గీత 14 నుంచి 50 దాకా వచ్చింది. 12 వచ్చినప్పుడు 48 శాతం, గీత 28 నుంచి 68 దాకా. ఈ రెండింటి లోపలా నిజమైన 40 ఉంది. 5 వచ్చినప్పుడు మాత్రం 20 శాతం అయ్యింది, గీత 4 నుంచి 36 దాకానే. దాని లోపల 40 లేదు. మొత్తం 20 గీతల్లో 19 గీతలు నిజాన్ని పట్టుకున్నాయి, ఒకటి తప్పింది. ప్రతిసారీ సరిగ్గా ఇలాగే రాదట, ఒకసారి రెండు తప్పవచ్చు, ఒకసారి ఏదీ తప్పకపోవచ్చు. చాలాసార్లు చేస్తూ పోతే మాత్రం నూటికి సుమారు 95 గీతలు నిజాన్ని పట్టుకుంటాయి. సర్వే కాగితాల మీద "95 శాతం నమ్మకంతో" అని రాసేది దీన్నే.

ఇది చాలామంది తప్పుగా చదువుతారు. నేనూ మొదట్లో, 95 శాతం మంది ఆ మాట అన్నారని అనుకున్నాను. అది కాదు. ఇంకొందరు, ఈ గీత లోపల నిజం ఉండే అవకాశం 95 పాళ్లు అంటారు. వాడుకలో అలా అంటే కొంప మునగదు గానీ, సరైన అర్థం వేరు. మన పనిలోదే చెబుతాను. ఒక నేతగాడు ఉన్నాడు, అతను నేసిన 100 చీరల్లో 95 చీరలకు ఏ దోషమూ ఉండదు. ఇవాళ అతను మడత పెట్టి తెచ్చిన చీరలో దోషం ఉంటే ఉంది, లేకపోతే లేదు. 95 పాళ్లు మంచి చీర, 5 పాళ్లు చెడ్డ చీర అని ఒక చీర ఉండదు గదా. అయినా మనం ఆ చేతిని నమ్మి చీర తీసుకుంటాం. అలాగే 95 అనేది గీత గీసే పద్ధతికి ఉన్న పేరు. మన చేతికి వచ్చిన గీత మంచిదో, ఆ తప్పిపోయే అయిదింటిలోదో మనకు తెలియదు. బస్తాలో ఎన్ని ఎర్ర కండెలున్నాయో నాకు ముందే తెలుసు కాబట్టి ఏది తప్పిందో చెప్పగలిగాను. అసలు సర్వేలో బస్తా విప్పి చూడలేం, ఒక్కసారే చేయి పెడతాం.

ఈ పద్ధతిని 1937లో జెర్జీ నెయ్మన్ అనే ఆయన పూర్తిగా రాసి పెట్టాడట. మన దేశంలో కొద్దిమందిని అడిగి అందరి సంగతీ తెలుసుకునే పనికి దారి వేసింది మహలనోబిస్ గారు. కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, బెంగాల్లో జనపనార పంట ఎంత వేశారో కొన్ని చేలు మాత్రం చూసి లెక్క కట్టించారు. ఆ సంస్థలోనే మన తెలుగువారు సి.ఆర్. రావు గారు ఎదిగారు. ఆయన 1920లో పుట్టింది హడగలిలో, ఇప్పుడది కర్ణాటకలో ఉంది. చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. పేరు తెచ్చుకున్నది కలకత్తాలో. ఎంత తెలివైన పద్ధతి వాడినా, ఉన్న సమాచారంతో ఊగిసలాటను ఒక హద్దు కంటే తగ్గించలేమని 1945లో రుజువు చేశారు. 102 ఏళ్లు బతికి 2023లో కన్నుమూశారు. మనలాగే రాష్ట్రాల గీతలకు అటూ ఇటూ బతికిన తెలుగు మనిషి, అందుకని ఆయన పేరు మన సభలో ఒకసారి తలుచుకోవాలనిపించింది.

సరే, ఈ అటూ ఇటూ ఎంతో మనలాంటివాళ్లం కట్టగలమా? కట్టగలం. ఎనిమిదో తరగతి లెక్క చాలు. అడిగిన మంది ఎంతమందో దానికి వర్గమూలం తీయండి. 100ను ఆ వర్గమూలంతో భాగించండి. వచ్చిందే అటూ ఇటూ. 100 మందిని అడిగితే వర్గమూలం 10, అటూ ఇటూ 10. 400 మందిని అడిగితే వర్గమూలం 20, అటూ ఇటూ 5. 1600 మందిని అడిగితే రెండున్నర. నేను 40 మందిని అడిగాను, దాని వర్గమూలం ఆరు పైన, కాబట్టి అటూ ఇటూ సుమారు 16. మా పిల్ల అసలు సూత్రంతో కడితే 15 వచ్చింది. మన మోటు లెక్క శాతం సగానికి దగ్గరగా ఉన్నప్పుడు బాగా సరిపోతుంది. శాతం 10 దగ్గరో 90 దగ్గరో ఉంటే అసలు గీత ఇంకా చిన్నదవుతుంది. 100 మందిలో 10 మంది ఔనంటే అటూ ఇటూ 6 మాత్రమే. కాబట్టి మోటు లెక్క కడితే జాగ్రత్త వైపే తప్పుతాం, నష్టం లేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గీత సగానికి తగ్గాలంటే రెట్టింపు మందిని అడిగితే చాలదు, నాలుగింతల మందిని అడగాలి. నమ్మకం 95 నుంచి 99కి పెంచాలంటే గీత ఇంకా వెడల్పు చేయాలి. నా 40 మంది లెక్క 99 శాతం నమ్మకంతో చెప్పాలంటే 40 నుంచి 80 దాకా అని చెప్పాలట. అంత వెడల్పు గీతతో తీర్మానం ఏం చేస్తాం? నమ్మకమూ, చిన్న గీతా రెండూ కావాలంటే ఎక్కువ ఇళ్లు తిరగాల్సిందే. వేరే మార్గం లేదు.

మనవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు. దేశంలో లక్షల మంది ఉంటే వెయ్యి మందిని అడిగితే ఏం తెలుస్తుంది అని. పెళ్లి వంటలో చూడండి. చిన్న గిన్నెలో పప్పుచారు అయినా, పెద్ద గుండిగలో పప్పుచారు అయినా, ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి ఒక గరిటె చాలు. గుండిగ పెద్దదని బకెట్టుతో తాగి చూడం. కాకపోతే అడుగు దాకా బాగా కలిపి తీయాలి. వెయ్యి మందిని బాగా కలిపి ఎంచుకుంటే, అటూ ఇటూ 3 మాత్రమే. ఊరికైనా దేశానికైనా అంతే.

కలపడం అన్నాను గదా, నా రెండో తప్పు అక్కడ ఉంది. మొదటిదాని కంటే అది పెద్దది.

నేను అడిగినవాళ్లు ఎవరు? ఊరు గాని ఊళ్లో, మధ్యాహ్నం పూట, ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్లు. ఆఫీసులకు కట్టుకోవటానికి తేలిక చీర వెతుక్కునేవాళ్లు ఎక్కువ. మా పెళ్లి చీర కొనే కుటుంబాలు ప్రదర్శనకు రావు, నేరుగా మా వీధికి వస్తాయి. వాళ్లలో ఒక్కరినీ నేను అడగలేదు. పెద్దాయన అడిగిన మాట ఇదే గదా, "మన చీర కట్టేవాళ్లేనా?" అని. మా పిల్ల కాలేజీలో నేర్చుకున్నది ఆయనకు మగ్గం మీదే తెలుసు.

పైగా నేను అడిగిన తీరు చూడండి. "బరువుగా ఉండే పాత అంచు" అన్నాను, "తేలికగా ఉండే కొత్త అంచు" అన్నాను. అలా అడిగితే ఎవరైనా తేలికదే అంటారు. నాకు తెలియకుండానే జవాబు నేనే వాళ్ల నోట్లో పెట్టాను.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. అటూ ఇటూ గీత, కొద్దిమందిని అడగటం వల్ల వచ్చే ఊగిసలాటను మాత్రమే చెబుతుంది. తప్పు మనుషుల్ని అడగటం, ప్రశ్న వంకరగా అడగటం, జవాబు చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లను వదిలేయటం, ఇవేవీ ఆ గీతలోకి రావు. నేను ఆ ప్రదర్శనలోనే 40 బదులు 4000 మందిని అడిగి ఉంటే గీత చాలా చిన్నదయ్యేది, అటూ ఇటూ ఒకటిన్నర. తప్పు మాత్రం అలాగే ఉండేది. ఇంకా ధైర్యంగా తప్పు చేసేవాళ్లం.

ఇప్పుడు నాలుగు చిన్న సంగతులు చెప్పి ముగిస్తాను. మీ ఊళ్లో ఎవరైనా శాతం కాగితం పట్టుకుని వస్తే పనికొస్తాయి. ఇందులో అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి.

మొదటిది, గీత సగాన్ని దాటిందా లేదా చూడండి. నా 45 నుంచి 75 గీత లోపల 50 కూడా ఉంది. అంటే ఎక్కువమంది కొత్త అంచు కావాలంటున్నారని కూడా ఆ లెక్క గట్టిగా చెప్పలేదు. ఆ రోజు నేను నిజాయితీగా చెప్పాల్సింది "ఇంకా తేలలేదు" అని. అదే 60 శాతం 400 మందిని సరిగ్గా ఎంచుకుని అడిగితే వచ్చి ఉంటే, గీత 55 నుంచి 65 అయ్యేది. అప్పుడు ఎక్కువమంది అని చెప్పవచ్చు.

రెండోది, పోయిన ఏటితో పోల్చేటప్పుడు జాగ్రత్త. పోయిన ఏడు 200 ఇళ్లు అడిగితే 52 శాతం మంది పిల్లలకు నేత నేర్పుతామన్నారు, ఈ ఏడు వేరే 200 ఇళ్లు అడిగితే 47 శాతం అన్నారు అనుకుందాం. వెంటనే "నేత మీద ఆసక్తి పడిపోయింది" అని రాసేస్తారు. 200 ఇళ్లకు అటూ ఇటూ 7. రెండు లెక్కలూ ఊగుతాయి కాబట్టి, రెండింటి మధ్య తేడాకు అటూ ఇటూ ఇంకా పెద్దది, దాదాపు 10. వచ్చిన తేడా 5 మాత్రమే. పడిపోయిందని చెప్పలేం, పడిపోలేదని కూడా చెప్పలేం.

మూడోది, ముక్కలు చేస్తే గీత పెరుగుతుంది. ఇది మన సమాఖ్యకు బాగా తగిలే మాట. అన్ని చోట్లా కలిపి 600 కుటుంబాలను అడిగామనుకోండి. మొత్తానికి అటూ ఇటూ 4. బాగానే ఉంది. కానీ అందులో యానాం కుటుంబాలు 30 ఉంటే, యానాం లెక్కకు అటూ ఇటూ 18. "యానాంలో సగం మంది" అని అచ్చు వేస్తే, అది మూడో వంతూ కావచ్చు, మూడింట రెండు వంతులూ కావచ్చు. చిన్న చోట్ల గురించి విడిగా మాట్లాడాలంటే అక్కడ విడిగా ఎక్కువ ఇళ్లు తిరగాలి. లేకపోతే ఆ అంకె వేయకూడదు. తక్కువమంది ఉన్నచోటే తప్పు మాట తొందరగా అంటుకుంటుంది.

నాలుగోది, సున్నా వచ్చిందని సంబరపడొద్దు. 30 ఇళ్లు అడిగితే ఒక్కరు కూడా కార్డు రాలేదని చెప్పలేదనుకోండి. అందరికీ వచ్చేసిందని ఫైలు మూసేస్తాం. దీనికి తేలికైన లెక్క ఉంది. 3ను అడిగిన ఇళ్లతో భాగించండి. 30లో 3 అంటే నూటికి 10. అంటే ఒక్కరూ చెప్పకపోయినా, నూటికి 10 ఇళ్ల దాకా కార్డు లేనివాళ్లు ఉండవచ్చు. వెయ్యి ఇళ్ల పేట అయితే వంద కుటుంబాలు. వంద కుటుంబాలు సున్నా అనే అంకె వెనక దాక్కోగలవు.

ఇక గణన సంగతి. ప్రభుత్వం చేసే చేనేత గణన కొద్దిమందిని అడిగేది కాదు, ఇంటింటికీ తిరిగేది. 2009-10లో జరిగిన మూడో గణనలో దేశం మొత్తం మీద నేతవాళ్లు, అనుబంధ పనివాళ్లు కలిపి 43.31 లక్షల మంది అని తేలింది. 2019-20 నాలుగో గణనలో 35.22 లక్షలు. వాళ్లలో 25 లక్షలకు పైగా ఆడవాళ్లే, నూటికి 72 మంది. ఈ అంకెలకు అటూ ఇటూ వేయరు, అందరినీ లెక్క పెట్టారు కాబట్టి. కానీ నేను ముందు చెప్పిన రెండో రకం తప్పు గణనకు కూడా ఉండవచ్చు. పని వెతుక్కుని ఊరు వెళ్లిన ఇంటికి తాళం ఉంటుంది. రాట్నం తిప్పి కండెలు చుట్టే ముసలమ్మ "నేనేం పని చేస్తున్నాను నాయనా" అంటుంది, పేరు ఎక్కదు. అందుకే గణనవాళ్లు వచ్చినప్పుడు మన వీధిలో ప్రతి ఇల్లూ, ప్రతి చేయీ లెక్కలోకి ఎక్కేట్టు సంఘాలు చూసుకోవాలి. పేరు ఎక్కకపోతే ఏ సూత్రమూ మనల్ని వెనక్కి తెచ్చి పెట్టదు.

సమాఖ్య పెద్దలకు నా మనవి ఒక్కటే. మనం చేయబోయే సర్వేలో శాతం ఒక్కటే అచ్చు వేయొద్దు. దాని పక్కన మూడు విషయాలు వేయండి. ఎంతమందిని అడిగాం, ఎలా ఎంచుకున్నాం, అటూ ఇటూ ఎంత. ఎంచుకోవటానికి, తెలిసినవాళ్ల ఇళ్లూ, సభలకు వచ్చేవాళ్ల ఇళ్లూ కాకుండా, సభ్యుల జాబితా మొత్తం పెట్టుకుని చీటీలు తీయండి. చీటీలో వచ్చిన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లకుండా, మళ్లీ అదే ఇంటికి వెళ్లండి. ప్రశ్నలు ముందుగా నలుగురు నేతవాళ్లకు చదివి వినిపించండి, నాలాగా వంకర ప్రశ్న ఉంటే వాళ్లే చెబుతారు. లెక్క తేలకపోతే "తేలలేదు" అని రాయండి. అది సిగ్గుపడాల్సిన మాట కాదు. ఆ మాట నేను ఆ రోజు చెప్పి ఉంటే 11 మగ్గాల పని మార్చకముందు ఇంకో పెళ్లిళ్ల కాలం చూసి ఉండేవాళ్లం.

మా సంఘం మినిట్సు పుస్తకంలో ఆ పాత తీర్మానం అలాగే ఉంది, కొట్టేయలేదు. అప్పటి నుంచి మాత్రం శాతం ఏది రాసినా, ఎంతమందిలో అని పక్కన రాస్తున్నాం. మొదట్లో పాలకవర్గంలో కొందరు నవ్వారు. ఇప్పుడు నేను మర్చిపోతే వాళ్లే అడుగుతున్నారు, "ఎంతమందిని అడిగారండీ?" అని.

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన మనవడు మాత్రం తిరిగి వచ్చిన నాలుగు ఇళ్లలో ఒక ఇంటికి వెళ్లి, సాయంత్రాలు మూడు నాడెల పని నేర్చుకుంటున్నాడు. ఒక్క కుర్రవాడు. ఒక్కడిని చూసి, మన పిల్లలు మగ్గం మీదికి వచ్చేస్తున్నారని నేను చెప్పను. కానీ ఆ ఒక్కడు ఉన్నాడని మాత్రం గట్టిగా చెప్పగలను.